క్షయ కాని దగ్గు: మదనపల్లె నుంచి మన రక్తపరీక్ష కాగితం దాకా

పోయిన చలికాలంలో ఒక శుక్రవారం సాయంత్రం కోనసీమ తమ్ముడొకాయన మన ఫోరం గదికి వచ్చాడు. చేతిలో ల్యాబు కాగితం. నాలుగు నెలలుగా రాత్రిపూట దగ్గు. పగలంతా బాగానే ఉంటాడు, డ్యూటీకి పోతాడు. రాత్రి రెండు మూడు గంటల వేళ మాత్రం దగ్గు తెరలు తెరలుగా వచ్చి, గొంతులో పిల్లికూతలు మొదలై, మంచం మీద లేచి కూర్చోవాల్సిందే. గదిలో మిగతా ఏడుగురికీ నిద్ర లేదు. "టీబీ అయి ఉంటది, ఎవరికీ చెప్పకు, ఎక్స్-రే తీశారంటే అన్‌ఫిట్ రాసి పడేస్తారు" అని వాళ్లే భయపెట్టారు. ఆయన వీసా అయిపోవస్తోంది. ఇంటికి పోయి, కొత్త వీసాకు మళ్లీ మెడికల్ చేయించుకుని రావాలి. అందుకని దగ్గును నాలుగు నెలలు దాచాడు. ఎవరో చెబితే ఒక క్లినిక్కులో సూది వేయించుకున్నాడు. వారం తగ్గింది, మళ్లీ మామూలే.

కాగితంలో ఈసినోఫిల్స్ అన్న మాటకు ఎదురుగా 41 శాతం అని ఉంది. పక్కన గుర్తు పెట్టి ఉంది. "ఏమండీ, ఇది టీబీయేనాండీ?" అని అడిగాడు.

మాలో డాక్టర్లు లేరు. డాక్టరు దగ్గరికి పంపడం, తోడు వెళ్లడం, కాగితాలు చూసుకోవడం వరకే మా పని. కానీ ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. వెతికి చదివితే తెలిసిందేమిటంటే, సరిగ్గా అదే ప్రశ్న 80 ఏళ్లు దాటిన కాలం కిందట మన మదనపల్లెలోనే డాక్టర్లు వేసుకున్నారు. మన ఫోరంలో సగం మంది కడప, రాయచోటి, మదనపల్లె వైపు వాళ్లే కాబట్టి ఈ ఏడు పుస్తకంలో ఆ కథ రాద్దామనుకున్నాం.

ముందు ఆ పేరు సంగతి. మన ఊళ్లలో తుమ్ములొచ్చినా, ముక్కు కారినా "నాకు ఈస్నోఫీలియా ఉంది" అనడం అలవాటు. షుగరు, బీపీ లాగా అదొక జబ్బు అనుకుంటాం. అది జబ్బు పేరు కాదు. రక్తంలో ఒక రకం తెల్లకణాలు లెక్కకు మించి ఉన్నాయని చెప్పే మాట, అంతే. జ్వరం ఉందంటే ఎందుకొచ్చిందని ఎలా అడుగుతామో, దీన్నీ అలాగే అడగాలి.

ఆ కణాలను మొదట విడిగా గుర్తుపట్టినవాడు పాల్ ఎర్లిహ్ అనే జర్మన్ డాక్టరు, 1879లో. అప్పటికి ఆయన వయసు పాతిక. ఆ రోజుల్లో జర్మనీలో బొగ్గు తారు నుంచి బట్టలకు వేసే కొత్త కొత్త రంగులు తయారవుతున్నాయి. ఎర్లిహ్ ఆ రంగులను గాజుపలక మీద రక్తపు చుక్కకు అద్ది మైక్రోస్కోపులో చూసేవాడు. ఈయోసిన్ అనే ఎర్ర రంగు వేస్తే కొన్ని కణాల్లోని గింజలు మాత్రం కెంపుల్లా ఎర్రగా మెరిశాయి. ఆ రంగును ఇష్టంగా పట్టుకునే కణం కాబట్టి ఈసినోఫిల్ అయింది. ఈయోస్ అంటే గ్రీకుల పురాణాల్లో తెల్లవారుజాము దేవత, మన ఉషస్సు లాంటిది. ఇప్పుడు పెద్ద ల్యాబుల్లో లెక్క మిషన్లు చేస్తున్నాయి కానీ, అనుమానం వచ్చినప్పుడు పలక మీద రంగు అద్ది చూడడం నేటికీ ఉంది.

కణం దొరికింది కానీ అది ఎందుకు పెరుగుతుందో చాలాకాలం అంతుపట్టలేదు. 1890ల చివర అమెరికాలోని బాల్టిమోరులో థామస్ బ్రౌన్ అనే వైద్య విద్యార్థి ఒక రోగి రక్తంలో ఇవి విపరీతంగా ఉండడం చూశాడు. సరిగా ఉడకని పంది మాంసం ద్వారా వచ్చే సన్నని పురుగు ఆ రోగి కండరాల్లో చేరింది. అక్కడి నుంచి మెల్లగా ఒక సంగతి తేలింది. ఒంట్లో పురుగు కండలోకో, ఊపిరితిత్తిలోకో, చర్మం కిందికో దూరి తిరిగితే ఈ కణాలు లేస్తాయి. మలేరియాకు, అమీబా విరేచనాలకు మామూలుగా లేవవు. పురుగులు కాకుండా ఉబ్బసం, అలర్జీలు, కొన్ని మందులు పడకపోవడం, అరుదుగా కొన్ని రక్త క్యాన్సర్లు కూడా వీటిని పెంచుతాయి.

ఇక మన ఊరికి వద్దాం. మదనపల్లె అనగానే టాగోరు 1919లో జనగణమనను ఇంగ్లీషు చేసిన చోటని చెప్పుకుంటాం. ఊరి పక్కనే ఆరోగ్యవరం ఉంది. క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో అక్కడ క్షయ శానిటోరియం తెరిచాయి. గుట్టల మధ్య పొడిగాలి క్షయ రోగులకు మంచిదని ఆ చోటు ఎంచుకున్నారు. క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ అనే డెన్మార్కు డాక్టరు దాన్ని నడిపాడు. క్షయకు అప్పటికి మందు లేదు. విశ్రాంతి, తిండి, గాలి, ఊపిరితిత్తిని కొన్నాళ్లు ముడిచిపెట్టే సూదులు, ఇదే వైద్యం. దక్షిణాదిలో ఎక్కడెక్కడి నుంచో రోగుల్ని అక్కడికి పంపేవాళ్లు. క్షయ అని ముద్ర పడితే అప్పట్లో మనిషిని ఇంట్లో వేరే గిన్నె, వేరే చాపకు మార్చేసేవారు. ఆ మాట అంత బరువైంది.

అలా పంపినవాళ్లలో కొందరి తీరు వేరుగా కనిపించింది. దగ్గుంది, ఆయాసముంది, సన్నజ్వరముంది, బరువు తగ్గారు. ఎక్స్-రేలో రెండు ఊపిరితిత్తుల నిండా చిన్న చిన్న మచ్చలు. చూడబోతే క్షయే. కానీ తెమడలో క్షయ క్రిమి ఎన్నిసార్లు వెతికినా దొరకదు. రక్తం పలక మీద చూస్తే మాత్రం ఎర్ర గింజల కణాలు మూగి ఉన్నాయి. ఫ్రిమోట్-మోలర్, ఆయనతో పనిచేసిన బార్టన్ కలిసి ఈ రోగుల గురించి 1940లో కలకత్తా నుంచి వచ్చే ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. క్షయలా కనిపించే, ఈసినోఫిల్స్ పెరిగే వేరే స్థితి ఇది అన్నారు. ఎందువల్ల వస్తుందో వాళ్లకు తెలియదు. కానీ క్షయ కోసమే కట్టిన ఆసుపత్రిలో కూర్చుని "ఇది క్షయ కాదు" అనగలగడం మాకు చాలా పెద్ద సంగతిగా తోచింది. ఎక్స్-రే ఒక్కటే చూసి ఆగిపోకుండా ఒక రక్తపు చుక్కను కూడా చూశారు కాబట్టి అనగలిగారు.

మూడేళ్లకు, 1943లో, బొంబాయిలో ఉన్న వైన్‌గార్టెన్ అనే డాక్టరు ఇలాంటివాళ్లే 81 మందిని చూసి లండన్ నుంచి వచ్చే లాన్సెట్ పత్రికలో రాశాడు. దానికి ట్రాపికల్ ఈసినోఫీలియా అని పేరు పెట్టింది ఆయనే. సవాయి రోగానికి వాడే ఆర్సెనిక్ సూదులు ఇస్తే ఈ దగ్గు తగ్గుతోందని కూడా చెప్పాడు. ఆర్సెనిక్ అంటే పాషాణం. తగ్గేది కానీ, విషంతో చేసే వైద్యమది, ఒంటికి ప్రమాదమే. ఇక్కడ మాకు విచిత్రంగా తోచినదొకటుంది. ఆ సూదిమందు పుట్టింది కూడా ఎర్లిహ్ పరిశోధనల్లోనే. కణానికి రంగు వేసిందీ ఆయనే, ఆ కణాలు పెరిగిన జబ్బుకు మొదటి మందు వచ్చిందీ ఆయన చేతి నుంచే, ఆయన 1915లోనే చనిపోయినా.

రెండో మందు మనవాడి చేతి నుంచి వచ్చింది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికాలోని బోస్టన్ చేరాడు. అక్కడ మొదట్లో ఖర్చులకు ఆసుపత్రిలో రాత్రిళ్లు పోర్టరు పని చేశాడు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తాడు. మనలో ఆసుపత్రి క్లీనింగు పని చేసే అక్కచెల్లెళ్లు, తమ్ముళ్లు ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. ఆయన తర్వాత హార్వర్డులో పెద్ద పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబుకు వెళ్లి, పరిశోధనలన్నిటికీ అధిపతి అయ్యాడు. అప్పుడే రెండో ప్రపంచ యుద్ధం. పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా, అదే మన బోదకాలు తెచ్చే పురుగు, పట్టుకుంది. దానికి మంచి మందు లేదు. లెడర్లీ ల్యాబులో ఆ జాతి పురుగులున్న ఎలుకల మీద ఎన్నో రసాయనాలు పరీక్షించి, 1947లో డైఇథైల్‌కార్బమజైన్ అనే మందును బయటపెట్టారు. నోరు తిరగదు కాబట్టి డీఈసీ అందాం. హెట్రజాన్ అన్నా అదే, మన మందుల షాపుల్లో బానోసైడ్ అన్నా అదే. ఆశా వర్కర్లు ఇంటింటికీ తిరిగి దగ్గరుండి మింగించే బోదకాలు మాత్రల్లో ఉండేదీ అదే. ఏడాదికి ఒకసారి విసుక్కుంటూ మింగే ఆ మాత్ర వెనక భీమవరం మనిషి ఉన్నాడని మనలో ఎందరికి తెలుసు? మందు వచ్చిన మరుసటి ఏడాదే, 1948 ఆగస్టులో, ఆయన నిద్రలోనే చనిపోయాడు. అప్పటికి 53 ఏళ్లు. పాతికేళ్లు అక్కడే బతికినా అమెరికా పౌరుడు కాలేదు.

1950లలో ఆ మాత్రనే ట్రాపికల్ ఈసినోఫీలియాకు ఇచ్చి చూశారు. దగ్గు రోజుల్లో తగ్గుముఖం పట్టింది. పాషాణం అవసరం లేకుండా పోయింది. సింగపూరులో దనరాజ్ అనే డాక్టరు 1958లో ఈ వైద్యం గురించి వివరంగా రాశాడు. అక్కడ ఈ జబ్బుతో వచ్చేవాళ్లలో ఎక్కువమంది భారతీయులే కావడం ఆ రోజుల్లో డాక్టర్లందరినీ ఆలోచనలో పడేసింది. చీనీవాళ్లు, మలైవాళ్లు, మనవాళ్లు ఒకే ఊరిలో ఉంటున్నారు, అవే దోమలు కుడుతున్నాయి. జబ్బు మాత్రం మనవాళ్లకే ఎక్కువ.

ఫైలేరియా మందుకు తగ్గిందంటే ఫైలేరియా పురుగే కారణమై ఉండాలి. కానీ రక్తంలో వెతికితే ఆ పురుగు పిల్లలు ఒక్కటీ కనబడవు. ఈ చిక్కుముడి విప్పడానికి లండన్‌లో బక్లీ అనే శాస్త్రవేత్త మనుషులకే జంతువుల ఫైలేరియా ఎక్కించి, అవే లక్షణాలు రావడం చూపించాడు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో వెబ్, జాబ్, గాల్ట్ అనే ముగ్గురు 1960లో రోగుల ఊపిరితిత్తి, కాలేయం, బిళ్లల నుంచి ముక్క తీసి చూస్తే పురుగు పిల్లలు అక్కడ దొరికాయి. అంటే పురుగు లేకపోవడం కాదు. కొందరి ఒంట్లో రక్షణ మరీ తీవ్రంగా పనిచేసి, పురుగు పిల్లలను రక్తంలో తిరగనివ్వకుండా ఊపిరితిత్తుల్లోనే పట్టి చంపుతోంది. ఆ పోరులో పోగయ్యే సైన్యమే ఈసినోఫిల్స్. దగ్గు, పిల్లికూతలు ఆ పోరు వల్ల వచ్చేవే. పురుగు పిల్లలు రాత్రిపూట రక్తంలోకి దిగే అలవాటున్నవి కాబట్టి దగ్గు కూడా రాత్రే ఎక్కువంటారు.

మదనపల్లెలో అడిగిన ప్రశ్నకు 20 ఏళ్లకు వేలూరులో జవాబు దొరికింది. రెండు ఊళ్లకూ మధ్య బస్సులో ఒక పూట ప్రయాణం.

ఈ చరిత్రలో ఇంకో పాయ ఉంది. అది చదువుతుంటే మాకు మనసు బాగాలేకపోయింది, అయినా చెప్పాలి.

1942, 43లలో జపాను సైన్యం సయాం నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుదారి వేయించింది. మరణ రైలుదారి అని దానికి పేరు. బ్రిటిష్, ఆస్ట్రేలియా, డచ్చి యుద్ధఖైదీలు 60 వేల మంది దాని మీద పనిచేశారు. 12 వేలకు పైగా చనిపోయారు. వాళ్ల మీద సినిమాలు వచ్చాయి, పుస్తకాలు వచ్చాయి. వాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఆసియా కూలీలు అక్కడ పనిచేశారు. మలయా రబ్బరు తోటల నుంచి పట్టుకుపోయిన తమిళులు, వాళ్లతోపాటు మన తెలుగువాళ్లు కూడా ఉన్నారు. చనిపోయినవాళ్లు 70 వేలకు పైనే అని చరిత్రకారుల అంచనా. సరైన లెక్క రాసినవాడు లేడు.

వట్టికాళ్లతో ఆ బురదలో, మలం కలిసిన నేలలో నెలల తరబడి నిలబడితే స్ట్రాంగిలాయిడ్స్ అనే దారప్పోగు లాంటి సన్నని పురుగు అరికాలి చర్మంలోంచి లోపలికి పోతుంది. మామూలు పురుగులు కొన్నేళ్లకు చచ్చిపోతాయి. ఇది అలా కాదు. పేగులో దాని పిల్లలు మళ్లీ అదే మనిషి ఒంట్లోకి దూరి, తిరిగి పెద్దవై, ఆ చక్రం ఆగకుండా నడుపుతాయి. ఇంగ్లండుకు తిరిగిపోయిన సైనికులను లివర్‌పూల్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో 1960ల చివరి నుంచి వరసగా పరీక్షించారు. రైలుదారి వదిలి 30 ఏళ్లు దాటినా పురుగు వాళ్లలో బతికే ఉంది. పరీక్షించిన 2 వేల మంది పైచిలుకులో సుమారు 12 శాతం మందికి ఉన్నట్టు తేలింది. నడుము మీద, పిరుదుల మీద దురదతో ఎర్రటి గీత లేచి, గంటలో కొన్ని సెంటీమీటర్లు పాకుతుంది. రక్తంలో ఈసినోఫిల్స్ కొద్దిగా ఎక్కువుంటాయి. ఆ రెండూ చూసి "మీరు రైలుదారి మీద ఉన్నారా?" అని అడిగే డాక్టర్లు ఇంగ్లండులో తయారయ్యారు.

మలయా తోటలకు తిరిగొచ్చిన మనవాళ్లను అలా పిలిచి పరీక్షించినట్టు మేము చదివినంతలో ఎక్కడా కనబడలేదు. వాళ్లు తోటలోనే ముసలివాళ్లై పోయారు. పురుగు వాళ్లను మాత్రం విడిచిపెట్టి ఉండదు కదా.

ఇదేదో పాత సంగతి అని తోసెయ్యొద్దు. పొలంలో వట్టికాళ్లతో తిరిగి పెరిగినవాళ్లం మనం. ఈ పురుగు మన దగ్గరా ఉంది. ఒంట్లో ఉన్నన్నాళ్లు పెద్దగా బాధ పెట్టకపోవచ్చు. స్టెరాయిడ్ మందులు పడితే మాత్రం ఒంటి రక్షణ తగ్గి, పురుగు అదుపు తప్పి ఒళ్లంతా పాకి ప్రాణం తీస్తుంది. కరోనా కాలంలో స్టెరాయిడ్లు విరివిగా ఇచ్చినప్పుడు, ఇలాంటి ప్రాంతాల నుంచి వచ్చిన వలసవాళ్ల విషయంలో జాగ్రత్త అని డాక్టర్లే ఒకరినొకరు హెచ్చరించుకున్నారు. మామూలు మలపరీక్షలో ఇది తరచూ తప్పిపోతుంది. రక్తంలో యాంటీబాడీ పరీక్ష చేస్తే తెలుస్తుంది. దీనికి మందు వేరే ఉంది, ఐవర్‌మెక్టిన్.

కోనసీమ తమ్ముడికి క్లినిక్కులో వేసిన సూది ఏమిటో చీటీ మీద చూశాం. స్టెరాయిడే. వారం తగ్గడానికి కారణం అదే. స్టెరాయిడ్ పడితే ఈసినోఫిల్స్ గంటల్లోనే దిగిపోతాయి. దానితో జబ్బు పోదు, దాని జాడ మాత్రమే కొన్నాళ్లు చెరిగిపోతుంది. ఆ వారంలో రక్తం తీసి ఉంటే కాగితంలో అంతా మామూలుగా ఉండేది. ఆ క్లినిక్కులో ఉన్నది ఐదు నిమిషాలు. మీది ఏ ఊరు అని ఎవరూ అడగలేదు.

కాగితం చదవడం ఎలాగో ఇక్కడే చెప్పేస్తాం. శాతం ఒక్కటే చూసి కంగారుపడొద్దు. మొత్తం తెల్లకణాలను ఆ శాతంతో గుణించాలి. ఆయనకు మొత్తం 12,000. అందులో 41 శాతం అంటే 4,920. మామూలుగా 500 లోపు ఉండాలి. అలర్జీలకు సాధారణంగా వెయ్యి, వెయ్యిన్నర లోపే లేస్తుంది. ట్రాపికల్ ఈసినోఫీలియాలో 3,000 దాటడం మామూలు. 1,500 పైన చాలాకాలం ఉండి, పురుగులు, మందులు ఏవీ కారణం కాదని తేలితే గుండెను, రక్తాన్ని ఇంకా లోతుగా పరీక్షించాలి. కారణం ఏదైనా సరే, అంత ఎక్కువ కణాలు ఏళ్ల తరబడి ఉంటే గుండె కండరాన్నే దెబ్బతీయగలవు. ట్రాపికల్ ఈసినోఫీలియాకు వైద్యం చేయకుండా వదిలేస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, తర్వాత మందుకు కూడా లొంగవు. దగ్గును దాచినందుకు పడే శిక్ష అది.

ఇక్కడ ఈ జబ్బు అరుదు. డాక్టరుకు వెంటనే గుర్తు రాకపోతే తప్పు పట్టలేం. మనమే చెప్పాలి. ఏ ఊరు, అక్కడ బోదకాలు ఉందా, దగ్గు రాత్రా పగలా, ఈ మధ్య ఏ సూదులు, ఏ మాత్రలు వాడాం, వట్టికాళ్లతో పొలం పని చేశామా. అరబ్బీ రాకపోతే ఫోరంలో అడిగితే రాసిస్తాం. ఒక మాట మాత్రం గట్టిగా చెబుతున్నాం: ఊరి నుంచి తెచ్చుకున్న బానోసైడ్ మాత్రలు క్యాంపులో పంచుకోవద్దు. ముఖ్యంగా ఆఫ్రికా నుంచి వచ్చిన తోటివాళ్లకు ఇవ్వొద్దు. అక్కడ కొన్ని ప్రాంతాల్లో కంటికి, చర్మానికి పట్టే వేరే రకం ఫైలేరియా ఉంటుంది. అది ఉన్నవాళ్లకు డీఈసీ పడితే చూపు పోవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అలాగే అసలు క్షయ కాదని తెమడ పరీక్షతో తేల్చుకోకుండా, ఈసినోఫిల్స్ ఎక్కువున్నాయి కదా అని ధీమాగా ఉండొద్దు. రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు.

తమ్ముడు సెలవు ముందుకు జరుపుకుని ఊరికి వెళ్లాడు. అక్కడి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మొదట అడిగిన మాట "ఏ ఊరు బాబూ?" అని. తెమడ మూడుసార్లు చూశారు, క్షయ లేదు. ఫైలేరియా యాంటీబాడీ బాగా ఎక్కువుంది. డీఈసీ మాత్రలు మూడు వారాలు ఇచ్చారు. నాలుగో రోజు రాత్రి మొదటిసారి తెల్లారేదాకా నిద్రపోయానని ఫోన్ చేశాడు. నెలన్నరకు ఎక్స్-రేలో మచ్చలు పోయాయి. ఆ తర్వాతే వీసా మెడికల్‌కు వెళ్లాడు, ఫిట్ వచ్చింది. ఇప్పుడు మళ్లీ ఇక్కడే ఉన్నాడు, అదే గదిలో, ఆ ఏడుగురితోనే. ఈ జబ్బు కొందరికి తిరగబెడుతుంది కాబట్టి ఏడాదికి ఒకసారి లెక్క చూసుకొమ్మని డాక్టరమ్మ రాసిచ్చింది. ఈసారి రక్తపరీక్ష ఏప్రిల్‌లో ఉంది.